లాక్‌డౌన్‌లోనూ ఆగని సూర్యుడి లెక్క

2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి మనమంతా టీవీల ముందు కూర్చుని దేశమంతా లాక్‌డౌన్ అన్న మాట విన్నాం. అదే రోజు జర్మనీలోని డార్మ్‌స్టాట్ నుంచి ఇంకో ప్రకటన వచ్చింది, మన టెన్షన్‌లో అది మన చెవిన పడలేదు. కంట్రోల్ సెంటర్‌కి వచ్చే మనుషుల్ని తగ్గించాలి కాబట్టి నాలుగు సైన్స్ మిషన్ల పరికరాల్ని కొన్నాళ్లు ఆపేస్తున్నామని యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ చెప్పింది. ఆ నాలుగింటిలో ఒకటి సోలార్ ఆర్బిటర్. సూర్యుణ్ణి దగ్గర్నుంచి చూడ్డానికి ఫిబ్రవరి 10న బయల్దేరిన నౌక అది. ఇంకా నెలన్నర కూడా నిండలేదు, పరికరాల్ని ఒక్కొక్కటే ఆన్ చేసి పరీక్షించే పని నడుస్తోంది, అంతలో ఈ ఆపద.

అదృష్టం కొద్దీ ఆ విరామం ఎక్కువ కాలం సాగలేదు. కొద్ది రోజులకే పని మళ్లీ మొదలైంది, పరీక్షల్లో చాలా భాగం ఎవరి ఇళ్లలో వాళ్లు కూర్చునే చేశారు. జూన్ మధ్యలో నౌక సూర్యుడికి 7.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి చేరింది, జులై 16న ఫొటోలు బయటికొచ్చాయి. సూర్యుడి ఉపరితలానికి కాస్త పైన ఎక్కడ చూసినా చిన్న చిన్న మెరుపులు, మామూలు సౌర జ్వాలలతో పోలిస్తే లక్షల రెట్లు చిన్నవి. శాస్త్రవేత్తలు వాటికి క్యాంప్‌ఫైర్లు అని పేరు పెట్టారు.

వార్తల్లోకి వచ్చింది ఈ కథే. నాకు మాత్రం ఫొటోలు లేని ఇంకో కథ ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది. సూర్యుడి మచ్చల్ని రోజూ లెక్కపెట్టేవాళ్ల కథ, భూమి అయస్కాంత క్షేత్రాన్ని రోజూ కొలిచేవాళ్ల కథ.

ముందు విషయం రెండు ముక్కల్లో. సూర్యుడి నుంచి విద్యుదావేశమున్న కణాల గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడు అక్కడ పేలుడు జరిగి, వందల కోట్ల టన్నుల వేడి పదార్థం దాని అయస్కాంత క్షేత్రంతో సహా విసిరినట్టు బయటికొస్తుంది. అది మనవైపు వస్తే భూమి చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం ఊగిపోతుంది (దాన్నే అయస్కాంత తుఫాను అంటారు), జీపీఎస్ తప్పుతుంది, విమానాల రేడియో మూగబోతుంది, కరెంటు గ్రిడ్లు దెబ్బతింటాయి. 1989 మార్చిలో కెనడాలోని క్యూబెక్‌లో 60 లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో ఉన్నారు. దీన్నంతా కలిపి అంతరిక్ష వాతావరణం అంటున్నాం.

దీన్ని తన నేల మీద నిలబడి పూర్తిగా చూడడం ఏ ఒక్క దేశానికీ కుదరదు. తుఫాను ఎంత పెద్దదో చెప్పే డీఎస్‌టీ అనే సూచీని జపాన్‌లోని క్యోటోలో లెక్కగడతారు, కానీ దానికి కావలసిన కొలతలు దక్షిణాఫ్రికాలోని హెర్మానస్, జపాన్‌లోని కకియోకా, హవాయిలోని హోనొలులు, ప్యూర్టోరికోలోని శాన్ హువాన్ నుంచి రావాలి. కేపీ అనే ఇంకో సూచీ జర్మనీలోని పోట్స్‌డామ్‌లో తయారవుతుంది, దానికి 13 చోట్ల నుంచి కొలతలు కావాలి. గాంగ్ అనే ఆరు టెలిస్కోపుల వరుసలో ఒకటి మన ఉదయ్‌పూర్‌లోనే ఉంది. అక్కడ పొద్దుగూకేసరికి ఇంకో దేశంలో ఇంకో టెలిస్కోపు సూర్యుణ్ణి చూస్తూ ఉంటుంది. వీసాలు, విమానాలు, సరిహద్దులు అన్నీ మూసుకుపోయిన ఏడాదిలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆగలేదు.

మచ్చల లెక్క సంగతి చూడండి. సూర్యుడి మీద నల్లగా కనిపించే చోట్లే ఈ మచ్చలు, అవి ఎక్కువైతే సూర్యుడు చురుగ్గా ఉన్నాడని, పేలుళ్లూ ఎక్కువని అర్థం. 19వ శతాబ్దంలో స్విట్జర్లాండ్‌కు చెందిన రుడాల్ఫ్ వుల్ఫ్ పెట్టిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. చిన్న టెలిస్కోపు నుంచి వచ్చే సూర్యబింబాన్ని తెల్ల కాగితం మీద పడేలా చేస్తారు, మచ్చల్ని పెన్సిల్‌తో గీస్తారు. గుంపులు ఎన్నో లెక్కపెట్టి పదితో హెచ్చించి, విడి మచ్చల సంఖ్య కలుపుతారు. మూడు గుంపులు, వాటిలో మొత్తం 14 మచ్చలు ఉంటే ముప్ఫై, పద్నాలుగు కలిపి 44. ఒక్కొక్కరి చూపు, ఒక్కొక్కరి టెలిస్కోపు వేరు కాబట్టి ఆ అంకెను ఒక గుణకంతో సరిచేస్తారు. బ్రసెల్స్‌లోని రాయల్ అబ్జర్వేటరీ రకరకాల దేశాల నుంచి ఈ లెక్కలు సేకరించి ఒక్క అంకె తేలుస్తుంది. లెక్క పంపేవాళ్లలో ఎక్కువమంది జీతం లేని ఔత్సాహికులు, పెరట్లోనో డాబా మీదో టెలిస్కోపు పెట్టుకున్నవాళ్లు. వర్క్ ఫ్రమ్ హోమ్ అన్న మాట మన నోళ్లలో నానకముందు నుంచీ వీళ్లు చేస్తున్నది అదే.

ఇప్పుడు అసలు విషయం. 2020 సెప్టెంబరు 15న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, సముద్ర వాతావరణ సంస్థ నోవా, అంతర్జాతీయ నిపుణుల బృందంతో కలిసి ఒక మాట చెప్పాయి: సూర్యుడి చురుకుదనం 2019 డిసెంబరులో అట్టడుగుకు చేరింది, 25వ సౌర చక్రం, అంటే మచ్చలు పెరిగి మళ్లీ తగ్గే సుమారు 11 ఏళ్ల కాలం, మొదలైంది. డిసెంబరులో జరిగింది సెప్టెంబరులో ఎందుకు చెప్పారంటే, ఒక నెల విలువ తేల్చడానికి దాని ముందు ఆరు నెలలు, తర్వాత ఆరు నెలలు కలిపి సగటు చూడాలి. అంటే 2020 జూన్ దాకా లెక్క కావాలి. ప్రపంచం తలుపులు వేసుకున్న మార్చి, ఏప్రిల్, మే నెలలు సరిగ్గా అందులోనే ఉన్నాయి. ఆ నెలల్లో చాలా రోజులు మచ్చ ఒక్కటీ కనిపించేది కాదు, కానీ మచ్చలు లేవని రాయాలన్నా ఎవరో ఒకరు చూడాలి కదా. చూశారు, సున్నా అని రాసి పంపారు. ఆ సున్నాలు లేకపోతే ఆ ప్రకటనే లేదు.

అయస్కాంత క్షేత్రం కొలవడం అంత సులువుగా ఇంటికి తరలే పని కాదు. మన హైదరాబాద్‌లో హబ్సిగూడ దగ్గర జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (ఎన్జీఆర్ఐ) ఆవరణలో 1964 నుంచి అయస్కాంత అబ్జర్వేటరీ ఉంది, చౌటుప్పల్‌లో ఇంకోటి ఉంది. మెట్రోలో నాగోల్ వైపు వెళ్లేవాళ్లు ఎన్జీఆర్ఐ అనే స్టేషన్ పేరు రోజూ వింటూనే ఉంటారు. ఇక్కడ భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యూనిట్ అది), ఓ మోస్తరు తుఫాను దాన్ని 100 నానోటెస్లాలు కదుపుతుంది, అంటే నాలుగు వందల్లో ఒక వంతు. లారీ దగ్గరగా పోయినా, కరెంటు రైలు పోయినా సెన్సర్‌కి తెలిసిపోతుంది. ఈ బాధ కొత్తది కాదు. 1859 నాటి మహా తుఫానును బొంబాయి కొలాబా అబ్జర్వేటరీ నమోదు చేసింది, సుమారు 1600 నానోటెస్లాల పతనం. తర్వాత ఆ ఊళ్లో కరెంటు ట్రాములు వస్తాయని తెలిసి ఆ పరికరాల్ని 1904 ప్రాంతంలో అలీబాగ్‌కి మార్చాల్సి వచ్చింది.

ఇలాంటి అబ్జర్వేటరీల్లో సెన్సర్లు వాటంతట అవే రాసుకుంటూ పోతాయి, నిజమే, కానీ ఎండకీ కాలానికీ కాస్త కాస్త పక్కకి జరుగుతుంటాయి. అందుకని వారానికి ఒకటి రెండుసార్లు మనిషి వెళ్లి చేత్తో కొలవాలి. ఇనుప మేకు ఒక్కటి కూడా లేని గది. లోపలికి వెళ్లేముందు వాచీ, బెల్టు, తాళాలు, ఫోన్ బయట పెట్టేస్తారు. రాతి స్తంభం మీద ఇనుము లేని థియోడొలైట్ అనే కోణాలు కొలిచే పరికరం, దాని టెలిస్కోపుకి తగిలించిన సెన్సర్. రీడింగ్ సున్నా అయ్యేదాకా మెల్లగా తిప్పి కోణం రాసుకోవాలి, టెలిస్కోపుని తలకిందులు చేసి మళ్లీ, అటు తిప్పి మళ్లీ, అలా నాలుగు స్థానాల్లో, దిక్కుకి ఒకసారి వాలుకి ఒకసారి. జూమ్ కాల్‌లో అయ్యే పని కాదిది. మహమ్మారి రోజుల్లో ప్రపంచంలో ఎక్కడ ఈ కొలత ఆగకుండా సాగినా అక్కడ ఒక మనిషి మాస్కు కట్టుకుని వెళ్లి చేశాడనే అర్థం. వాళ్ల పేర్లు పత్రికల్లో రావు, రావాలని నా కోరిక.

సమావేశాల సంగతి వేరు. సిడ్నీలో 2020 ఆగస్టులో జరగాల్సిన కోస్పార్ అనే అంతర్జాతీయ అంతరిక్ష పరిశోధనా సంఘం మహాసభ 2021 జనవరి చివరికి వాయిదా పడి ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే నడిచింది. యూరప్ అంతరిక్ష వాతావరణ వారోత్సవం 2020లో ఆన్‌లైన్ సదస్సుగా మారింది. వీసా, టికెట్ ఖర్చు లేకుండా ఇక్కడి రీసెర్చ్ స్కాలర్ కూడా వినగలగడం మంచిదే, అమెరికా టైముకి అర్ధరాత్రి మేలుకోవాల్సి వచ్చినా సరే. కానీ టీ తాగుతూ పెద్దవాళ్లతో మాట్లాడి పీహెచ్‌డీకి దారి చూసుకునే అవకాశం ఆ రెండేళ్లలో పరిశోధనలోకి వచ్చిన విద్యార్థులకి దొరకలేదు. ఆ నష్టం చిన్నదని నేను అనుకోను. 2021 అక్టోబరులో గ్లాస్గోలో ఆ వారోత్సవం మళ్లీ పెట్టారు. సదస్సు జరుగుతుండగానే 28న సూర్యుడి మీద ఎక్స్1 తరగతి జ్వాల (జ్వాలల్లో అన్నిటికన్నా తీవ్రమైనవి ఎక్స్ తరగతివి) ఎగిసింది, దాని కణాలు నేల మీది పరికరాలకీ తగిలాయి.

అప్పటికే సూర్యుడు నిద్ర లేచాడు. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్ని 210 కిలోమీటర్ల ఎత్తులో వదిలింది. వచ్చిన అయస్కాంత తుఫాను చిన్నదే, కానీ పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, ఆ ఎత్తులో గాలి రాపిడి అంతకుముందు ప్రయోగాలతో పోలిస్తే 50 శాతం దాకా పెరిగింది. 38 ఉపగ్రహాలు కక్ష్య అందుకోలేక కిందికి జారి కాలిపోయాయి. తర్వాత ఆ కంపెనీ ఇంజనీర్లు, నోవా శాస్త్రవేత్తలు కలిసి కూర్చుని ఏం జరిగిందో లెక్కగట్టి పరిశోధన పత్రం రాశారు.

సూర్యుణ్ణి గమనించే మన నౌక ఆదిత్య ఎల్1 కూడా 2020లోనే వెళ్లాల్సింది, కోవిడ్ వల్ల మరింత ఆలస్యమై 2023 సెప్టెంబరు 2న బయల్దేరింది, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని తన చోటికి చేరింది. నాలుగు నెలలకే, మే 10న, రెండు దశాబ్దాల్లో అంతటి తుఫాను లేదన్నంత పెద్దది వచ్చింది. ఆదిత్య పరికరాలు దాన్ని పట్టుకున్నాయి. అదే తుఫానును కింద హెర్మానస్, కకియోకా, హోనొలులు, శాన్ హువాన్‌లు కొలిచాయి, క్యోటోలో డీఎస్‌టీ మైనస్ 400 నానోటెస్లాల కన్నా కిందికి పడింది, ఎంత కిందికి పడితే తుఫాను అంత పెద్దదని లెక్క.