కొత్త లాన్ పసుపెక్కుతోందా? అపోహలు - వాస్తవాలు

లాన్ షీట్లు (వేరేచోట పెంచి, మట్టితో సహా చాపల్లా కోసి తెచ్చే గడ్డి) పరిచిన వారం పది రోజులకు నాకొచ్చే ఫోన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. "రోజూ నీళ్లు పెడుతూనే ఉన్నామండీ, అయినా గడ్డి పసుపెక్కిపోతోంది" అంటారు. ఆ వెంటనే గడ్డే మంచిది కాదేమో అనో, ఎవరో చెప్తే యూరియా చల్లేశామనో చెప్తారు. ముందు ఆ యూరియా సంచి పక్కన పెట్టండి. టెన్షన్ కూడా.

అపోహ: పైన తడి కనిపిస్తే నీళ్లు సరిపోయినట్టే.

ఎక్కువ లాన్లు పోయేది ఇక్కడే. షీటు కోసినప్పుడే వేర్లు చాలావరకు తెగిపోతాయి. మీ దగ్గరికి వచ్చేది పల్చటి మట్టి పొర, అందులో మిగిలిన పొట్టి వేర్లు, అంతే. పైపు పట్టుకుని ఐదు నిమిషాలు చల్లితే ఆకులు నిగనిగలాడతాయి, కానీ కింద నేల పొడిగానే ఉంటుంది, పొడి నేలలోకి వేరు దిగదు.

ఒక పెద్దావిడైతే "పూటపూటా నేనే తడుపుతున్నాను బాబూ, ఒక్కరోజు కూడా మానలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. గోడ వారగా ఉన్న షీటు మూల పట్టుకుని లేపితే దుప్పటిలా లేచొచ్చింది. అడుగున మట్టిని వేళ్లతో నలిపితే పిండిలా రాలింది. ఆవిడ శ్రద్ధకు వంక పెట్టడానికేం లేదు, ఎక్కడ చూడాలో ఎవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు నిదానంగా, నేల నాలుగు అంగుళాల లోతు నానేదాకా నీళ్లు పెట్టించాం. అంచుల్లో కొంత పోయింది, మిగతాదంతా కోలుకుంది.

అందుకని షీట్లు పరిచిన అరగంటలోపే మొదటి తడి ఇవ్వండి, పని మొత్తం అయ్యేదాకా ఆగొద్దు. మొదటి రెండు వారాలు షీటూ, దాని కింది నేలా రెండూ తడిగా ఉండాలి. మండే ఎండల్లో రోజుకు రెండు మూడుసార్లు పెట్టాల్సి రావచ్చు, చల్లటి రోజుల్లో ఒక్కసారి చాలొచ్చు. లెక్క గడియారంతో కాదు, మూల లేపి చూసి తేల్చుకోండి. గోడల పక్కన, సిమెంటు బాటల పక్కన, షీట్ల అతుకుల దగ్గర అన్నిటికంటే ముందు ఎండుతుంది.

కొన్నాళ్లకు షీటు అడుగున సన్నటి తెల్లటి వేర్లు కనిపిస్తాయి, ఆ తర్వాత మెల్లగా లాగినా మూల లేవదు. అప్పుడిక బలవంతంగా పీకకండి, నీళ్ల పద్ధతి మార్చండి: రోజులు ఎడం చేస్తూ, పెట్టినప్పుడు లోతుగా పెట్టాలి. చాలామందికి ఇక్కడే ధైర్యం చాలదు, ఎండిపోతుందేమోనని ఉదయం సాయంత్రం కాస్త కాస్త తడుపుతూనే ఉంటారు. దాంతో వేర్లు పైపైనే ఉండిపోతాయి, సాయంత్రం తడిసిన ఆకు రాత్రంతా ఆరదు, ఫంగస్ పట్టుకుంటుంది. వేరు పట్టాక నీళ్లు తెల్లవారుజామున పెట్టడమే మేలు.

అపోహ: మధ్యాహ్నం నీళ్లు పెడితే గడ్డి మాడిపోతుంది.

మాడదు. నీటి బొట్లు ఎండలో ఆకుల్ని కాల్చేస్తాయన్నది వట్టి పుకారు. కొంత నీరు ఆవిరై పోతుంది, అంతే. వేరు పట్టని షీటు మిట్టమధ్యాహ్నం వాడిపోతుంటే సాయంత్రం దాకా చూస్తూ కూర్చోకండి.

అపోహ: పసుపెక్కితే యూరియా వెయ్యాలి.

తెగిన వేర్లతో దాహంగా ఉన్న గడ్డికి యూరియా వేస్తే ఇంకా మాడుతుంది. నెల, నెలన్నర ఆగండి.

కత్తిరింపు సంగతి: షీటు నేలను పట్టుకున్నాకే. మోవర్ బ్లేడు పదునుగా ఉండాలి, నేల కాస్త ఆరి ఉండాలి, ఒకేసారి ఎత్తులో మూడో వంతుకు మించి తియ్యకూడదు.

అపోహ: వానాకాలంలో పరిస్తే ఇక చూసుకోనక్కర్లేదు.

చిన్న జల్లు పడితే షీటు కింద తడవదు, అప్పుడూ మూల లేపి చూడాల్సిందే. జోరు వాన పడితే పల్లాల్లో నీళ్లు నిలిచి వేర్లకు గాలి ఆడదు. అడుగు పెడితే బురదలా దిగబడే చోట నడవొద్దు, ముందు నీళ్లు పోయే దారి చెయ్యండి.

అపోహ: చలికాలంలో గోధుమరంగుకు తిరిగితే చచ్చిపోయినట్టే.

బెర్ముడా, జోయిసియా లాంటి, వేడిలో బాగా పెరిగే గడ్డి రకాలు చలి ముదిరితే నిద్రలోకి వెళ్తాయి. నేల మీద పాకే కాడను గోటితో గీరండి. లోపల పచ్చగానో తెల్లగానో, గట్టిగా ఉంటే బతికే ఉంది. పూర్తిగా ఎండనివ్వకుండా అప్పుడప్పుడూ ఒక తడి ఇవ్వండి. ఎరువు మాత్రం మళ్లీ పచ్చబడ్డాకే.