నాలుగు మీటర్లు సరే, వెడల్పు మాటేమిటి?

"ఇంట్లో పెద్ద కారు కొందామంటున్నారు. అందరూ చిన్న కార్లే కొంటే ట్రాఫిక్ నిజంగా తగ్గుతుందా, లేక అది డబ్బుల్లేనివాళ్లు చెప్పుకునే మాటా?" అని విజయవాడ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. పెట్రోలు, పొగ సంగతులు అందరూ రాసేవే కాబట్టి వదిలేస్తున్నాను. నాకిష్టమైంది చోటు లెక్క.

హైస్కూల్లో రైలు–వంతెన లెక్క గుర్తుందా? 120 మీటర్ల రైలు 180 మీటర్ల వంతెన దాటాలంటే 300 మీటర్లు పోవాలి. రైలు పొడవు కలపడం మరిచిపోయి నేనూ మార్కులు పోగొట్టుకున్నాను. అదే లెక్క రేపు నడిరోడ్డు మీద పనికొస్తుందని ఏ మాస్టారూ చెప్పలేదు.

రోడ్డు మీద కారుకు కావలసిన చోటంటే దాని పొడవు, ఆగినా ముందు బండికి వదిలే ఒక మీటరు, ఆపైన వేగాన్ని బట్టి వదిలే ఎడం. ఈ ఎడం ఒక సెకను ప్రయాణమంత అనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో అది 10 మీటర్లు. ఫార్చ్యూనర్ పొడవు దాదాపు 4.8 మీటర్లు, కాబట్టి మొత్తం 15.8. నానో 3.1 మీటర్లే, మొత్తం 14.1. ఒకే వరసలో గంటకు ఫార్చ్యూనర్లయితే 2,280 దాకా, నానోలైతే 2,550 దాకా పోతాయి. తేడా 12 శాతం. ఓస్ ఇంతేనా!

ఇప్పుడు సెకనుకు 2 మీటర్ల నత్తనడకకు దించండి. 7.8, 6.1 అవుతాయి. తేడా 28 శాతం. పూర్తిగా ఆగితే 5.8, 4.1. తేడా 41 శాతం! జోరుగా పోయేటప్పుడు రోడ్డులో ఎక్కువ భాగం ఖాళీకే పోతుంది. జామ్‌లో ఆ ఖాళీ కరిగిపోయి ఇనుమే మిగులుతుంది.

ఇదంతా పొడవు. మన రోడ్ల మీద అసలు కథ వెడల్పుది. పొడవు ఏటవాలు దారి, ఎంత తగ్గిస్తే అంత లాభం. వెడల్పు మెట్ల దారి. ఎంత తగ్గించినా చాలాసేపు ఏమీ కాదు, ఒకచోట ఠక్కున మెట్టు తగులుతుంది. ఒకవైపే నడిచే 7 మీటర్ల రోడ్డు తీసుకోండి. ఫార్చ్యూనర్ 1.85 మీటర్లు, అద్దాలకూ పక్క ఎడానికీ మరో 60 సెంటీమీటర్లు, వెరసి 2.45. రెండు వరసలు పట్టి 2.1 మీటర్లు మిగులుతాయి. మూడో ఫార్చ్యూనర్ పట్టదు. 1.5 మీటర్ల నానోకు ఎడంతో కలిపి కావలసింది సరిగ్గా ఆ 2.1. అన్నీ నానోలే అయితే మూడు వరసలు, అంటే ఏకంగా 50 శాతం ఎక్కువ.

మన పన్నులకు ఈ మెట్టు సంగతి తెలియదు. 2006 బడ్జెట్లో చిన్న కారంటే 4 మీటర్ల లోపు పొడవు, ఇంత లోపు ఇంజిను అన్నారు. 2025 సెప్టెంబరు జీఎస్టీ మార్పుల్లోనూ అదే కొలత. దాంతో కంపెనీలు డిక్కీ కోసి పక్కలకు పెంచాయి. టాటా నెక్సాన్ పొడవు 3.995 మీటర్లు, వెడల్పు 1.8! పన్ను తగ్గింది, రోడ్డు మీద వరసలు మాత్రం రెండే. జపాన్‌వాళ్ల ‘కెయ్’ అనే బుల్లి కార్ల నిబంధనలో 3.4 మీటర్ల పొడవుతో పాటు 1.48 మీటర్ల వెడల్పూ రాసి ఉంది.

నంబరు కూడితే తొమ్మిది రావాలని వేలంలో లక్షలు పోసి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించేవాళ్లను కారు వెడల్పెంతో అడిగి చూడండి.

అమ్మా, ఒక్కమాట. అదే నత్తనడకలో 12 మీటర్ల సిటీ బస్సుకు 15 మీటర్లు చాలు. రెండు ఫార్చ్యూనర్ల చోటు కూడా కాదు, లోపల యాభై మంది.

బైకులు పెట్టగా మా వీధిలో 4 మీటర్లు మిగులుతుంది. పాత మారుతి 800లు రెండు ఎదురైతే 1.44 చొప్పున 2.88, మెల్లగా తప్పుకుంటాయి. మొన్న సాయంత్రం రెండు పెద్ద కార్లు ఎదురయ్యాయి. ఇద్దరూ అద్దాలు మడిచారు. చాల్లేదు. ఎవరూ వెనక్కి తియ్యరు. చివరికి మా వాచ్‌మన్ వచ్చి ఒకాయన్ని బతిమాలి, వెనకున్న రెండు ఆటోలనూ పాలవ్యానునూ కూడా ఆంజనేయస్వామి గుడిదాకా రివర్సులో నడిపించాడు.