ముహూర్తం రోజున ఎవరు బయలుదేరారు?

“జన్యువు మీద రోగం పేరు రాసి ఉండదు కదా, ఫలానా రోగానికి ఫలానా జన్యువే కారణమని ఎలా పట్టుకుంటారు?” అని ఒక పాఠకురాలు అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన జవాబు కెనడాలో ఉంది.

క్యూబెక్‌లోని సాగెనే ప్రాంతంలో దాదాపు రెండు వేల మందిలో ఒక బిడ్డ మెదడును దెబ్బతీసే లీ సిండ్రోమ్ అనే జబ్బులో ఒక రకంతో పుడతాడు. ఒంట్లో లాక్టిక్ ఆమ్లం ఉన్నట్టుండి పెరిగిపోతుంది. చాలామంది పసితనంలోనే పోతారు. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో, ఆ పనికి కావలసిన సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము చాలినంత ఉండదు. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు, కానీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు లోపపు ప్రతి చెరొకటి బిడ్డకు చేరుతుంది. ఇలాంటి బిడ్డ పుడితే తల్లి జాతకాన్ని తిట్టేవాళ్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. ఆ నింద నేను భరించలేను. లోపంలో సరిగ్గా సగం తండ్రిది.

2001 నాటికి వెతుకులాట 2వ క్రోమోజోములోని ఒక చిన్న ముక్క దాకా వచ్చింది. ఆ ముక్కలో జన్యువులు చాలా ఉన్నాయి. వాటిలో మైటోకాండ్రియా కోసం పనిచేసేది ఏదో తేలాలి.

దాన్ని ఒక వీధి అనుకోండి. ఆ వీధిలో ఒకరు పెళ్లి వంటవాళ్ల జట్టులో ఉన్నారు. ఎవరినీ అడగడానికి లేదు. ఏడాది పొడవునా ఎవరు ఏ రోజు తెల్లవారకముందే బయలుదేరారో రాసుకుంటే చాలు. మాఘంలో, శ్రావణంలో ముహూర్తాలకు వెళ్తూ, ఆషాఢమంతా ఇంట్లోనే ఉన్నదెవరు? ఇప్పటికే మనకు తెలిసిన వంటవాళ్ల రాకపోకలతో ఎవరి రాకపోకలు కలిశాయి?

జన్యువులకు ముహూర్తాలు గుండె, కండరం లాంటి అవయవాలు. శక్తి అవసరం ఎక్కువున్న చోట మైటోకాండ్రియా జన్యువులన్నీ కలిసి జోరందుకుంటాయి. జన్యువు పనిచేసేటప్పుడు దాని సమాచారానికి తయారయ్యే నకలు ఎం-ఆర్‌ఎన్‌ఏ. ఏ కణజాలంలో ఏ జన్యువు నుంచి అది ఎంత తయారైందో కొలిచిన పట్టికలు అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్నాయి. తెలుగు మూలాలున్న శాస్త్రవేత్త వంశీ మూతా, ఆయన సహచరులు వాటిని ముందేసుకున్నారు. ఒక్కో జన్యువుతో పాటు హెచ్చుతూ తగ్గుతూ నడిచే అతి దగ్గరి జన్యువులను తీసి, వాటిలో మైటోకాండ్రియావి ఎన్నో లెక్కపెట్టారు. వీధిలో ఒక ఇల్లు పైకి తేలింది: ఎల్‌ఆర్‌పీపీఆర్‌సీ అనే జన్యువు.

అయితే ముహూర్తానికి పూలమ్మే ఆమె, సన్నాయి వాయించే ఆయన కూడా బయలుదేరతారు. కలిసి బయలుదేరిన ప్రతివాడూ వంటవాడు కాడు. అందుకే వంటశాలలోకీ తొంగిచూశారు. మైటోకాండ్రియాను వేరుచేసి, లోపలి ప్రోటీన్ల ముక్కలను, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటరుతో గుర్తించారు. ఈ జన్యువు తయారుచేయించే ప్రోటీను ముక్కలు అక్కడ దొరికాయి. రోగుల డీఎన్‌ఏ చదివితే ఆ ప్రోటీనును కట్టే అమైనో ఆమ్లాల వరుసలో 354వ స్థానంలో అలనీన్‌కు బదులు వాలీన్ వచ్చేలా మార్పు కనిపించింది. దాదాపు రోగులందరిలో జన్యువు రెండు ప్రతులూ అలాగే ఉన్నాయి. 2003లో ఫలితం అచ్చయింది.

ఈ ప్రోటీను ఆ ఎంజైములో భాగం కాదు. మైటోకాండ్రియాలోని ఎం-ఆర్‌ఎన్‌ఏలు చెడిపోకుండా కాపాడుతుంది. గరిటె పట్టేవాడు కాదు, సరుకుల చిట్టా భద్రంగా దాచేవాడు. ఎంజైము భాగాల్లోనే వెతికి ఉంటే ఈ ఇంటి తలుపు తట్టేవారే కారు.