కౌమంగ్ నది వెంట మూడు రోజుల నడక: అపోహలు – వాస్తవాలు

సిడ్నీకి పశ్చిమాన కనాంగ్రా-బాయిడ్ నేషనల్ పార్కులో పారే కౌమంగ్ నదిని న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ‘వైల్డ్ రివర్’గా, అంటే మనుషుల జోక్యం పెద్దగా లేకుండా సహజంగా పారే నదిగా, ప్రకటించింది. వీపున ప్యాక్ వేసుకుని, రాత్రిళ్లు ఒడ్డునే టెంట్‌లో పడుకుంటూ నడిచే బృందాలకు లీడర్‌గా వెళ్తుంటాను. ఇప్పుడు మన తెలుగువాళ్లు కూడా వస్తున్నారు, అది నాకు చాలా సంతోషం. బయల్దేరే ముందు అందరూ పాముల గురించే అడుగుతారు. నిజానికి ముందు అడగాల్సింది నీళ్ల గురించి.

అపోహ: నది పక్కన నడకే కదా, అంతా చదునుగా ఉంటుంది.

మ్యాపులో ఎనిమిది కిలోమీటర్లు చూసి రెండు గంటల పని అనుకుంటారు. ఇక్కడ చాలాచోట్ల దారే ఉండదు. గుండ్రాళ్లు, ఇసుక, తగిలితే చర్మం మండే నెటిల్ మొక్కలు. ఒక పక్క కొండ నిటారుగా నీళ్లలోకి దిగితే అవతలి ఒడ్డుకు దాటాలి, కాస్త పోయాక మళ్లీ ఇవతలికి రావాలి. గంటకు ఒకటి, రెండు కిలోమీటర్లు నడిస్తే నా లెక్కలో బాగా నడిచినట్టే. పైనున్న కనాంగ్రా వాల్స్ అనే నిటారు కొండల దగ్గర నుంచి దిగినవాళ్లు చివరి రోజు ఆ ఎత్తంతా మళ్లీ ఎక్కాలి.

అపోహ: మోకాలి లోతు నీళ్లు ఏం చేస్తాయి?

వేగం ఉంటే మోకాలి లోతు నీళ్లే మనిషిని పడేస్తాయి. నది ఇరుకైన చోట లోతు, వడి రెండూ ఎక్కువ, అందుకే వెడల్పుగా పారే చోటే దాటాలి. నీళ్లలో దిగేముందు నడుము బెల్టు, ఛాతీ బకిల్ విప్పమంటాను. పడితే ప్యాక్ వెంటనే ఒంటి నుంచి జారిపోవాలి, లేకపోతే అదే మనిషిని కింద పట్టి ఉంచుతుంది. బూట్లు మాత్రం విప్పొద్దు. దిగువన జలపాతమో, అడ్డంగా పడిన చెట్టో ఉంటే అక్కడ దాటనే దాటం.

మన నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే నది పెరుగుతుంది. ఒడ్డున ఉండే షీ-ఓక్ చెట్లు మన కోస్తా సరుగుడుకు దగ్గరి చుట్టాలు. వాటి పంగల్లో, తలకంటే ఎత్తున, ఎండుగడ్డి, పుల్లలు చిక్కుకుని ఉంటాయి. గత వరద అంత ఎత్తున వచ్చిందన్నమాట. టెంట్ వేసేముందు అది చూస్తాం. సాయంత్రం నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, పడుకునేముందు మళ్లీ చూస్తాం. నీళ్లు పుల్ల దాటితే రాత్రయినా సరే, టెంట్లు పైకి మార్చాల్సిందే. పొద్దున నది పొంగి ఉంటే తగ్గేదాకా ఆగుతాం. అందుకే ఒకరోజు తిండి అదనంగా మోయిస్తాను. సోమవారం ఆఫీసుందన్న టెన్షన్‌తో నది దాటించను.

అపోహ: దారి తప్పితే నది వెంట కిందికి పోతే ఊరొస్తుంది.

గోదావరి దగ్గర పనికొస్తుందేమో గానీ ఇక్కడ కాదు. కౌమంగ్ కాక్స్ నదిలో, అది వారగాంబా డ్యామ్ వెనకున్న బురగొరాంగ్ జలాశయంలో కలుస్తాయి. సిడ్నీ తాగునీరు కాబట్టి దాని చుట్టూ చాలా ప్రాంతానికి ప్రవేశం నిషేధం. దారి తప్పితే ఉన్నచోటే ఆగండి.

అపోహ: అడవి నది నీళ్లు స్వచ్ఛం.

జంతువులూ ఆ నీళ్లలోనే తిరుగుతాయి. మరిగించి తాగండి.

అపోహ: ఎంతమంది ఉంటే అంత ధైర్యం.

నలుగురికి తగ్గకూడదు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుండాలి, ఇద్దరు సాయానికి వెళ్లాలి. ఎనిమిది మంది కంటే ఎక్కువైతే మాత్రం ముందున్నవాళ్లకు వెనకవాళ్లు కనిపించరు.

అపోహ: పాము కాటేస్తే కడగాలి, పైన గట్టిగా కట్టు కట్టాలి.

ఆస్ట్రేలియాలో కడగొద్దంటారు. చర్మం మీద మిగిలిన విషమే పాము రకం పోల్చడానికి ఆసుపత్రిలో పనికొస్తుంది. కోయొద్దు, పీల్చొద్దు, తాడు బిగించొద్దు. వెడల్పాటి సాగే బ్యాండేజ్‌ను కాటు మీద మొదలుపెట్టి చేయి లేదా కాలంతా చుట్టి, కర్రతో కదలకుండా కట్టి, మనిషిని పడుకోబెట్టాలి. ఒక్క అడుగు కూడా నడిపించొద్దు. ఇది ఇక్కడి పాములకు చెప్పిన పద్ధతి, మన ఊళ్లో రక్తపింజర కాటుకు ఇదే చేయమని చెప్పను.

అపోహ: బీకన్ ఉందిగా, నొక్కితే హెలికాప్టర్ వచ్చేస్తుంది.

లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి పీఎల్‌బీ అనే బీకన్, అంటే ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే చిన్న పరికరం, తప్పనిసరి. బ్లూ మౌంటెన్స్‌లో పోలీసులు, పార్కు వాళ్లు ఉచితంగానే అరువిస్తారు. దాన్ని ఆకాశం బాగా కనిపించే చోట పెట్టాలి. మబ్బు కిందికి దిగితే హెలికాప్టర్ రాలేకపోవచ్చు, ఆ రాత్రి గడపడానికి వెచ్చటి బట్టలు తడవకుండా ప్యాక్‌లో ఉండాలి. ఇంట్లోవాళ్లకు దారి, పేర్లు, తిరిగొచ్చే రోజు రాసిచ్చి, ఏ గంట దాటితే 000కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) ఫోన్ చేయాలో కూడా అందులోనే రాయండి.