జ్ఞానదంతం తీయించుకున్నాక ఆ గుంటలో ఏం జరుగుతుంది?

ఇంటర్ అయిపోయి డిగ్రీలోనో ఇంజనీరింగ్‌లోనో చేరిన వయసులో చాలామందికి ఒక నొప్పి మొదలవుతుంది. దవడ చివర, చెవి కిందగా సలుపుతుంది. చిగురు వాస్తుంది. నోరు సరిగ్గా తెరుచుకోదు, అన్నం ముద్ద లోపలికి పోదు. ఇంట్లోవాళ్ళు లవంగం పెట్టమంటారు, మెడికల్ షాపు నుంచి ఏవో బిళ్ళలు తెస్తారు. నాలుగైదు రోజులకి తగ్గుతుంది, అందరూ మర్చిపోతారు. కొన్ని నెలలు పోయాక పరీక్షల ముందో, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నప్పుడో మళ్ళీ తిరగబెడుతుంది. భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజోలు, ఎక్కడ పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నా ఇలా దవడ పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళూ అమ్మాయిలూ కనిపిస్తారు. వాళ్ళని వెనక్కి లాగేది ఇప్పుడున్న నొప్పి కాదు, ఆ జ్ఞానదంతం పీకించుకుంటే ఏమవుతుందోనన్న టెన్షన్. లోపల ఏం జరుగుతుందో ముందే తెలిస్తే ఆ టెన్షన్ చాలా వరకు పోతుంది.

మనిషికి 32 పళ్ళు. వాటిలో చివరి నాలుగూ, అంటే పైన రెండు, కింద రెండు, మిగతావన్నీ వచ్చేశాక వస్తాయి. మామూలుగా 17 నుంచి 25 ఏళ్ళ మధ్య. జ్ఞానదంతాలు అనేది వీటినే. అప్పటికి దవడలో ఉన్న చోటంతా ముందొచ్చిన పళ్ళు ఆక్రమించేసి ఉంటాయి. చోటు చాలని పన్ను కొందరిలో సగం పైకి వచ్చి ఆగిపోతుంది, కొందరిలో ముందున్న పన్ను మీదకి వాలిపోతుంది, ఇంకొందరిలో ఎముక లోపల అడ్డంగా పడుకుని ఉండిపోతుంది. ముందుకు వాలడమే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే రకం. ప్రపంచంలో సుమారు ఐదో వంతు మందికి ఈ నాలుగింటిలో కనీసం ఒకటి అసలు పుట్టదు కూడా. వాళ్ళు అదృష్టవంతులే.

చోటెందుకు చాలడం లేదన్నదానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా తిండి వైపే చూపిస్తారు. నోరీన్ వాన్ క్రామన్-టాబాడెల్ అనే పరిశోధకురాలు 2011లో వేర్వేరు జాతుల పుర్రెలని కొలిచి చూశారు. వేటాడుతూ, దుంపలూ కాయలూ ఏరుకు తింటూ బతికిన వాళ్ళ దవడలు పొడవుగా ఉన్నాయి. వ్యవసాయం మీద బతికిన వాళ్ళవి పొట్టిగా ఉన్నాయి. ఎదిగే వయసులో దవడ ఎంత గట్టిగా పనిచేస్తే ఎముక అంత పెరుగుతుందన్నది దీని వెనకున్న ఆలోచన. వంశపారంపర్యం పాత్ర కూడా ఉంటుంది, కాబట్టి అంతా తిండి మీదే నెట్టేయలేం. కానీ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలవ నీళ్ళతో వరి పండించి, మెత్తగా ఉడికిన అన్నం పప్పుచారుతో కలుపుకుని తినే డెల్టాలో పుట్టిన మనం దవడకి పెద్దగా పని చెప్పలేదన్నది నిజం. అంతమాత్రాన పిల్లలకి చెరుకు ముక్కలు నమిలించేస్తే జ్ఞానదంతాల సమస్య తీరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సగం బయటికొచ్చిన పన్ను మీద చిగురు మూతలాగా ఉండిపోతుంది. అసలు చిక్కంతా అక్కడే. ఆ మూత కిందకి మెతుకు దూరితే బ్రష్ అందదు, నాలుక అందదు. సూక్ష్మజీవులు పెరుగుతాయి, చిగురు వాస్తుంది, పై పన్ను దాన్నే కొరుకుతూ ఉంటుంది, ఇంకా వాస్తుంది. పక్కనే నమలడానికి వాడే కండరాలు బిగుసుకోవడంతో నోరు తెరుచుకోదు. ముందుకు వాలిన పన్నుతో ఇంకో నష్టం ఉంది. దానికీ దాని ముందున్న మంచి దవడ పన్నుకీ మధ్య తిండి ఇరుక్కుని, నిక్షేపంలాంటి ఆ పన్నే వెనకవైపు నుంచి పుచ్చిపోతుంది. నన్నడిగితే నొప్పికన్నా ఎక్కువ పట్టించుకోవాల్సింది దీన్నే. ఎందుకంటే ఇది చప్పుడు లేకుండా జరుగుతుంది.

అయితే ఉన్న ప్రతి జ్ఞానదంతాన్నీ తీసేయాలా? అక్కర్లేదు. నిటారుగా వచ్చి, శుభ్రంగా ఉండి, ఏ ఇబ్బందీ పెట్టని పన్నుని వదిలేయొచ్చు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2000లోనే ఈ మాట చెప్పింది. జబ్బు లేని పన్నుని ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దంది. చిగురు ఒకసారి తేలిగ్గా వాచి తగ్గితే ఆగి చూడమంది, మళ్ళీ వచ్చినా, మొదటిసారే తీవ్రంగా వచ్చినా తీయడం సబబేనంది. బాగు చేయలేనంతగా పుచ్చితే, చుట్టూ నీటితిత్తి పెరిగితే తీయాల్సిందే. కాబట్టి డాక్టరు "తీసేద్దాం" అంటే "ఎందుకండీ?" అని అడగండి. మంచి డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పెట్టి కారణం చూపిస్తారు. ఇరవై దాటిన కొత్తలో తీయించుకుంటే పని సులువు. వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడుతుంది, మానడం ఆలస్యమవుతుంది.

ఆ ఎక్స్‌రేని ఓపీజీ అంటారు. యంత్రం తల చుట్టూ తిరిగి రెండు దవడలనీ ఒకే బొమ్మలో చూపిస్తుంది. పన్ను ఎటు వాలిందో, వేర్లు ఎలా వంగాయో, అన్నిటికన్నా ముఖ్యంగా కింది దవడ ఎముకలో నుంచి పోయే నరానికి ఎంత దగ్గరగా ఉందో డాక్టరు అందులో చూస్తారు. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ తెలిసేది ఆ నరం వల్లే. వేర్లు దానికి ఆనుకుని ఉంటే పెదవి కొన్నాళ్ళు మొద్దుబారొచ్చు. అలా మొద్దుబారినా చాలామందికి వారాల్లోనో నెలల్లోనో స్పర్శ తిరిగొస్తుంది. శాశ్వతంగా ఉండిపోవడం అరుదు, నూటికి ఒకరికన్నా తక్కువే. నరం మరీ దగ్గరగా ఉందనిపిస్తే దవడని అన్ని వైపుల నుంచీ చూపించే సీబీసీటీ స్కాన్ తీయిస్తారు. కొన్నిసార్లు పన్ను పైభాగం మాత్రమే కోసి తీసి, వేర్లని అలాగే వదిలేస్తారు. అది కూడా సరైన వైద్యమే, పని సగంలో ఆపేశారని అనుకోవద్దు.

మన ఊళ్ళల్లో ఈ పన్ను విషయంలో బలంగా నాటుకుపోయిన భయం చూపు గురించి. "పై పన్ను పీకిస్తే కళ్ళు పోతాయిరా" అని అమ్మమ్మ ఒక్కమాట అంటే అపాయింట్‌మెంట్ రద్దయిపోతుంది. పై పళ్ళకి, కింది పళ్ళకి వెళ్ళే నరాలు రెండూ ముఖానికి స్పర్శనిచ్చే ఒకే పెద్ద నరం కొమ్మలు. చూపు వాటితో రాదు. కంటి వెనక నుంచి నేరుగా మెదడుకి వెళ్ళే వేరే నరం ఉంది, చూపంతా దానిదే. పన్ను తీసినప్పుడు దాని జోలికి ఎవరూ వెళ్ళరు. ఈ నమ్మకం ఎలా పుట్టిందో ఊహించడం కష్టం కాదు. పళ్ళు కదిలి పీకించుకోవడం, చత్వారం వచ్చి పేపరు దూరం పెట్టి చదవడం, రెండూ నలభై దాటాకే మొదలవుతాయి. ఒకదాని వెంట ఒకటి రావడంతో మొదటిదే రెండోదానికి కారణమని అనుకున్నారు.

తీసే రోజు కడుపు మాడ్చుకుని వెళ్ళొద్దు. చిగురు దగ్గర మాత్రమే మత్తు ఇస్తే ముందు తేలికగా తినే వెళ్ళాలి. పూర్తి మత్తు ఇస్తామంటే మాత్రం ఎప్పట్నుంచి తినకూడదో వాళ్ళే చెబుతారు. షుగరు, బీపీ, ఆస్తమా, గర్భం, రక్తం పలచబడడానికి వేసుకునే మందులు, ఎముకల బలానికి తీసుకున్న ఇంజెక్షన్లు, ఏది ఉన్నా ముందే చెప్పాలి. గుండెకి వాడే మందుని మీ అంతట మీరు ఆపేయొద్దు. వానాకాలంలో జ్వరం ఉంటే అసలు వాయిదా వేసుకోండి. డెంగీ అయితే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, రక్తం ఆగడం కష్టమవుతుంది.

మత్తు ఇంజెక్షన్‌లో ఉండే లిగ్నోకేయిన్‌ని 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేశారు. అందులో కొంచెం ఎడ్రినలిన్ కలుపుతారు, దానివల్ల మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది, రక్తం తక్కువ కారుతుంది. ఇంజెక్షన్ ఇవ్వగానే గుండె దడదడలాడితే దాని ప్రభావమే, కాసేపట్లో సర్దుకుంటుంది. తర్వాత చిగురు కొంచెం కోసి పక్కకి తీస్తారు, అడ్డొచ్చిన ఎముకని నీళ్ళు చల్లుతూ డ్రిల్లుతో అరగదీస్తారు, అవసరమైతే పన్నుని రెండు మూడు ముక్కలు చేస్తారు. నొప్పి తెలియదు కానీ ఒత్తిడి, లాగుతున్నట్టు ఉండడం, ఎముకలో నుంచి వచ్చే చప్పుడు తెలుస్తాయి. నొప్పి తెలిస్తే చెయ్యెత్తండి, ఇంకొంచెం మత్తు ఇస్తారు. ఓర్చుకోవాల్సిన పని లేదు. మామూలుగా అరగంట, ముప్పావుగంటలో కుట్లు వేయడం కూడా అయిపోతుంది.

ఇక్కడ్నుంచి పని మీది. పన్ను తీసిన గుంటలో రక్తం నిండి గడ్డకడుతుంది. ఆ గడ్డే కింద బయటపడ్డ ఎముకనీ నరాల చివర్లనీ కప్పి ఉంచుతుంది. వరదల్లో ఏటిగట్టుకి గండి పడితే ముందు ఇసుక బస్తాలు వేసి ఆపి, ఆ అండతో తర్వాత గట్టు కట్టినట్టే, ఈ గడ్డ ఆసరాతోనే కొత్త కణజాలం, దాని వెనక కొత్త ఎముక పెరుగుతాయి. డాక్టరు చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఈ గడ్డ కదలకుండా ఉండడానికే. అది తెలిస్తే ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మీకే తోస్తుంది.

గాజుగుడ్డ పెట్టి గట్టిగా కొరికి పట్టుకోమంటారు, అరగంట నుంచి గంట వరకు. మధ్యలో తీసి చూడొద్దు. ఉమ్మొద్దు, వచ్చిన లాలాజలం మింగేయండి. ఉమ్మితే నోట్లో పుట్టే లాగుడుకి గడ్డ ఊడొచ్చు. మొదటి రోజంతా లాలాజలం ఎర్రగా ఉండడం మామూలే. సఖినేటిపల్లి వైపు నుంచి నరసాపురం వచ్చి తీయించుకుని మళ్ళీ గోదావరి దాటించే పంటు ఎక్కేవాళ్ళు తోడుగా ఒకరిని తెచ్చుకుంటే మంచిది. దారిలో రేవులో బొండం తాగాలనిపిస్తే స్ట్రా వద్దు, గ్లాసులో పోయించుకోండి. స్ట్రాతో పీల్చినా అదే లాగుడు. పెదవి మొద్దుబారి ఉన్న నాలుగైదు గంటలు వేడివేమీ తాగొద్దు, కాలినా తెలియదు.

మొదటి రోజు బయట బుగ్గ మీద ఐసు గుడ్డలో చుట్టి, కాసేపు పెట్టి కాసేపు తీస్తూ ఉండాలి. వాపు రెండో రోజు, మూడో రోజు బాగా కనిపిస్తుంది. అద్దంలో చూసుకుని కంగారు పడేది అప్పుడే, కానీ అది మామూలు క్రమమే. ఆ తర్వాత దిగుతుంది. ఇరవైనాలుగు గంటలు దాటాక గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి వదిలేయాలి, గట్టిగా పుక్కిలించకూడదు.

తిండికి మన దగ్గర కొదవలేదు. చల్లారిన గంజి, సగ్గుబియ్యం జావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, పప్పు బాగా మెదిపిన ముద్ద, ఉడికించిన గుడ్డు. ఆవకాయ మంట పుట్టిస్తుంది. చేగోడీ, జంతిక ముక్కలు గుంటలో గుచ్చుకుంటాయి. పనసపొట్టు కూర పీచు, చేపముల్లు ఓ వారం పక్కన పెట్టండి. పొగతాగేవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. గోదావరి లంకల్లో పండే పొగాకుతో చుట్టిన చుట్టయినా, సిగరెట్టయినా, పీల్చే లాగుడు ఒక దెబ్బ, సన్నటి రక్తనాళాల్ని నికోటిన్ బిగించేయడం రెండో దెబ్బ. కనీసం వారం మానాలి. గుట్కా, ఖైనీ కూడా అంతే.

ఈ గడ్డ ఊడిపోతే, లేదా ముందే కరిగిపోతే ఎముక బయటపడుతుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. 1896లోనే వైద్యగ్రంథాల్లోకెక్కిన ఇబ్బంది ఇది. గుర్తుపట్టడం తేలిక. తగ్గుతున్న నొప్పి మూడో రోజు అటూ ఇటూగా ఒక్కసారిగా పెరిగి చెవిలోకి పాకుతుంది, నోరు వాసనొస్తుంది. పొగతాగేవాళ్ళలో, గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళలో ఎక్కువ. చీము పట్టడం వేరు, ఇది వేరు. యాంటీబయాటిక్ మింగినంత మాత్రాన తగ్గదు. డాక్టరు గుంట కడిగి లవంగనూనె సారం ఉన్న మందు దూదితో పెడతారు, చాలామందికి కొద్దిసేపట్లోనే ఉపశమనం వస్తుంది. ఇంట్లో మీరే లవంగం దంచి గుంటలో కుక్కడం మాత్రం చేయొద్దు, చిగురు కాలిపోతుంది.

నొప్పికి ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కలిపి వాడితే విడివిడిగా కన్నా బాగా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలింది. కానీ కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళకి ఐబుప్రొఫెన్ పడకపోవచ్చు, డాక్టరు రాసిన మోతాదే వేసుకోండి. మత్తు పూర్తిగా దిగకముందే మొదటి బిళ్ళ వేసుకోవడం మంచిది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని తెల్లారేదాకా చూద్దామని ఉండకూడదు. గడ్డం కింద రెండువైపులా గట్టిగా వాచడం, నాలుక పైకి లేవడం, మింగలేకపోవడం, గొంతు మారడం, ఊపిరి ఆడకపోవడం. పంటి చీము మెడ లోపలి పొరల్లోకి పాకితే ఇలా అవుతుంది. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వివరించిన ఈ స్థితి ఇప్పటికీ ప్రాణం తీయగలదు. పన్ను తీయించుకున్నవాళ్ళకే కాదు, వాచిన చిగురుని బిళ్ళలతో నెట్టుకొస్తున్న వాళ్ళకీ రావచ్చు. అర్ధరాత్రయినా సరే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళాలి. గాజుగుడ్డ మార్చి కొరికి పట్టినా రక్తం ఆగకుండా కారుతుంటే అదే రోజు డాక్టరుకి చూపించాలి.

నల్ల దారంతో కుట్లు వేస్తే వారానికి తీస్తారు, కరిగే దారమైతే ఆ పనుండదు. చిగురు మూడు నాలుగు వారాల్లో కమ్ముకుంటుంది, ఎముక నిండడానికి నెలలు పడుతుంది. అందాకా గుంటలో మెతుకులు చేరుతుంటే డాక్టరు ఇచ్చిన సూది లేని సిరంజితో మెల్లగా నీళ్ళు కొట్టి కడుక్కోవచ్చు. కుట్లు తీయించుకునే రోజున పెదవి ఇంకా మొద్దుగా ఉంటే తప్పకుండా చెప్పండి. రెండోవైపు పన్ను సంగతి కూడా అప్పుడే అడగండి. ఓపీజీ ఫిల్ము దాచి తీసుకెళ్తే మళ్ళీ తీయించే ఖర్చు తప్పొచ్చు. ఖర్చు భారమనిపిస్తే భీమవరంలోనూ, రాజమండ్రి పక్కన రాజానగరంలోనూ డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి.