జనన, మరణ పత్రాల సవరణ: అపోహలు – వాస్తవాలు

పత్రంలో తప్పు పడితే నోటరీ అఫిడవిట్ జతచేసుకుంటే సరిపోతుందని గుంటూరులో మా దగ్గరకు వచ్చే కక్షిదారుల్లో చాలామంది నమ్ముతారు. చేతిలో ఉన్న కాగితం రిజిస్టరుకు నకలు మాత్రమే కనుక, రిజిస్టరు మారనిదే ఆ కాగితం మారదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 15వ సెక్షన్ రిజిస్టరును సవరించే అధికారాన్ని జనన మరణాల రిజిస్ట్రారుకు ఇచ్చింది. ఆయన పాత నమోదును చెరపకుండా, మార్జిన్‌లో సరైన వివరం రాసి, సంతకం చేసి తేదీ వేయాలి. అక్షరదోషమైతే ఆయన సంతృప్తి చెందితే చాలు. తండ్రి పేరు ‘వెంకటేశ్వర్లు’ బదులు ‘వెంకటేశ్వరరావు’ అని పడితే మాత్రం అది మరో మనిషి పేరు అవుతుంది కాబట్టి, సంగతి తెలిసిన, నమ్మదగిన ఇద్దరి వాంగ్మూలం అడిగే అవకాశం ఉంది. ఆసుపత్రి రికార్డు, తండ్రి పదో తరగతి సర్టిఫికెట్ ముందే సిద్ధం చేసుకోవడం మంచిది.

ఉంటున్న ఊళ్లోనే దరఖాస్తు చేయాలన్నది రెండో అపోహ. కాపురం విజయవాడలో ఉన్నా, తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి గుంటూరు ఆసుపత్రిలో ప్రసవిస్తే, ఆ బిడ్డ జననం గుంటూరులోనే నమోదవుతుంది, సవరణ కూడా అక్కడే జరగాలి.

బారసాల కాలేదని కొందరు నమోదునే ఆపుతారు. ఇది అనవసరపు చిక్కు. 21 రోజుల్లోగా పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోగా రుసుము లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్పించవచ్చు.

జననం గానీ మరణం గానీ జరిగి ఏడాది దాటాక నమోదు చేయించాలంటే కోర్టుకు వెళ్లాలన్నది ఒకప్పటి మాట. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన సవరణతో, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు బదులు కలెక్టరు, ఆర్డీవో లేదా కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారించి ఉత్తర్వు ఇస్తారు. ఆ తేదీ నుంచి పుట్టినవారికి బడిలో చేర్పించడానికీ, పాస్‌పోర్టుకూ జనన పత్రమే ఆధారం కాబట్టి, జాప్యం ఇకపై ఖరీదైన వ్యవహారమే.

మరణ పత్రంలో మరణ కారణం రాయలేదని, తప్పు దిద్దమని కొందరు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. అది తప్పు కాదు. రిజిస్టరులో కారణం ఉన్నా నకలులో వెల్లడించరాదని 17వ సెక్షనే చెబుతోంది, కాబట్టి బీమా కంపెనీ అడిగితే ఆసుపత్రి రికార్డులనే సమర్పించాలి.