తెలియనివాళ్ల మెయిల్ తెరవడమే పని అయినచోట

మొన్న బెంగళూరు మారతహళ్లి మెస్సులో నైట్ షిఫ్టుకు ముందు తింటుంటే మా టీమ్ కుర్రాడు ఫోన్‌లో ఒక ఉద్యోగ ప్రకటన చూపించాడు. ఏదో వార్తాసంస్థకి సీఐఎస్‌ఓ కావాలట, అంటే సైబర్ భద్రత మొత్తానికీ పెద్ద తలకాయ. "పేపరోళ్లకి ఇదెందుకన్నా, వాళ్ల దగ్గర ఏముందని దోచుకోడానికి?" అన్నాడు.

నిజానికి ఈ పదవి పుట్టింది బ్యాంకులోనే. 1994లో వ్లాదిమిర్ లెవిన్ అనే రష్యన్ సిటీబ్యాంక్ ఖాతాల నుంచి దాదాపు కోటి డాలర్లు మళ్లించాడు, ఆ దెబ్బకి మరుసటేడు వాళ్లు స్టీవ్ కాట్జ్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. మొట్టమొదటి సీఐఎస్‌ఓ ఆయనే అంటారు.

పత్రికలకి సెగ తగలడానికి ఇంకో పద్దెనిమిదేళ్లు పట్టింది. 2012లో అప్పటి చైనా ప్రధాని వెన్ జియాబావో కుటుంబ ఆస్తుల మీద న్యూయార్క్ టైమ్స్ కథనం రాసిన సమయంలో చైనా హ్యాకర్లు నాలుగు నెలలపాటు ఆ పత్రిక నెట్‌వర్క్‌లో తిరిగారు. ఉద్యోగులందరి పాస్‌వర్డ్‌లూ పోయాయి. దొరికిన 45 మాల్‌వేర్లలో (కంప్యూటర్లో దూరే దొంగ ప్రోగ్రాములు) యాంటీవైరస్ పట్టుకున్నది ఒకే ఒక్కటి! హ్యాకర్లు వెతికింది డబ్బు కాదు, రిపోర్టర్‌కి సమాచారం ఎవరిచ్చారన్నది. 2013 ఏప్రిల్‌లో అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ ట్విటర్ ఖాతాలో వైట్‌హౌస్ పేలుళ్లంటూ దొంగ ట్వీట్ పడితే నిమిషాల్లో అక్కడి షేర్ మార్కెట్ సూచీ డౌ 140 పాయింట్లకు పైగా జారి, మళ్లీ లేచింది. 2015లో హ్యాకర్ల దెబ్బకి ఫ్రాన్స్ టీవీ5మాండ్ ఛానల్ ప్రసారాలే ఆగాయి. 2022 డిసెంబరులో బ్రిటన్ పత్రిక గార్డియన్ మీద ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాము) పడింది, సిబ్బంది వారాల తరబడి ఇంటి నుంచే పేపరు తెచ్చారు.

చిక్కెక్కడంటే, బ్యాంకులో "తెలియని మెయిల్ తెరవొద్దు" అంటే సరిపోతుంది, రిపోర్టర్‌కి పెద్ద వార్త వచ్చేదే ముక్కూమొహం తెలియనివాడి మెయిల్‌లో. ఇది గ్రహించే న్యూయార్క్ టైమ్స్ 2016లో న్యూస్‌రూమ్ భద్రతకని ప్రత్యేకంగా రూనా సాండ్విక్ అనే నిపుణురాలిని తీసుకుంది, 2019లో అక్కర్లేదని ఆ పోస్టే ఎత్తేసింది. నాకు మాత్రం అది తెలివితక్కువ పనిగానే తోస్తుంది.

మన దగ్గర బ్యాంకులకైతే ఆర్‌బీఐ పట్టుబట్టి ఈ పోస్టు పెట్టించింది. 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్, దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో తనకి చెప్పాలంది. బాగానే ఉంది, కానీ నాకు తెలిసిన ఒక తెలుగు పత్రిక డెస్కులో పేజీలు ప్రెస్సుకి వదిలే లాగిన్ ఆరుగురికీ ఒకటే, దాని ఓటీపీ వెళ్లేది వీక్లీ ఆఫ్‌లో ఉన్న చీఫ్ సబ్ ఎడిటర్ ఫోన్‌కి. రాత్రి పదకొండున్నరకి ఆయన నిద్రలోంచి లేచి నంబరు చదువుతాడు.

కుర్రాడు ప్రకటన ఇంకాస్త కిందికి జరిపాడు. పదిహేనేళ్ల అనుభవం కావాలట, బ్యాంకింగ్‌లో అయితే మరీ మంచిదట.